సిలిండరు మిగిలింది, మీటరు తిరిగింది

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి. మా వారు గ్రోత్ సెంటర్‌లోని ఒక ఫెర్రో అల్లాయ్ కర్మాగారంలో పనిచేస్తారు. ఇంట్లో మేమిద్దరం, 74 ఏళ్ళ మా అత్తగారు, ఇంటర్ చదువుతున్న అమ్మాయి, డిగ్రీ పూర్తిచేసి ఈ ఏడాది నుంచి ఇంటి దగ్గరే ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న అబ్బాయి ఉంటాం. గత ఏడాది మే నెలలో 198 యూనిట్లకు వెయ్యి రూపాయల పైచిలుకు వచ్చిన కరెంటు బిల్లు, ఈ మే నెలలో 318 యూనిట్లకు రెండు వేలు దాటింది. మా ఇంట్లో ఏసీ లేదు. సిలిండరు ధర తొమ్మిది వందలకు చేరువైందని, విశాఖలో ఉండే మా తోటికోడలు చెప్పగా ఫిబ్రవరిలో ఇండక్షన్ పొయ్యి ఒకటి కొన్నాం. 35 రోజులకు అయిపోయే సిలిండరు ఇప్పుడు నాలుగు నెలలైనా అయిపోలేదు. మరి ఆదా ఎక్కడికి పోయింది? రాత్రిళ్ళు ఫ్రిజ్ ఆపేస్తున్నాను. అత్తగారు పగలంతా ఫ్యాను వేసుకుని కూర్చుంటే కసురుకుంటున్నాను, తరువాత నాకే మనసు కష్టమవుతోంది. మీటరు తప్పు తిరుగుతోందేమో అని మా వారి అనుమానం. డాబా మీద సోలార్ పెట్టించుకోమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు? (మా కరెంటు సర్వీసు ఇప్పటికీ చనిపోయిన మామగారి పేరునే ఉంది.)

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరంతో పాటు రెండు బిల్లులనూ జతచేసి పంపడం చాలా మేలు చేసింది. బిల్లు ఎక్కువ వస్తోందని రాసేవారిలో చాలామంది రూపాయలు రాస్తారు గాని యూనిట్లు రాయరు. యూనిట్లు తెలియకుండా ఇచ్చే సలహా చెయ్యి చూడకుండా చెప్పే జాతకం వంటిది. నేను శ్రీకాకుళంలో చాలా సంవత్సరాలు బిల్లుల లెక్కలు చూసే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక, మీ కాగితాలను పాత అలవాటు కొద్దీ రెండుసార్లు లెక్కగట్టి చూశాను. రెండింటిలోనూ కూడిక తప్పు లేదు.

మీకు అర్థం కాని విషయం, యూనిట్లు నూటికి 60 వంతున పెరిగితే విద్యుత్ చార్జీ రెట్టింపు ఎందుకు దాటిందన్నది. దానికి కారణం మెట్ల వరుసలో ఉన్న ధరలు. మన రాష్ట్రంలో గృహ వినియోగదారులందరికీ ఒకే వరుసగా 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలలో మీరు ఎంత ఎక్కువ వాడినా మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పునే పడుతుంది. ఏ మెట్టు మీద ఉన్న యూనిట్లకు ఆ మెట్టు ధరే వర్తిస్తుంది. ఈ లెక్కన గత ఏడాది మీ 198 యూనిట్ల చార్జీ 855 రూపాయలు, ఈ ఏడాది 318 యూనిట్ల చార్జీ 1,830.75. అదనంగా వాడిన 120 యూనిట్ల ఖరీదు 975.75 అన్నమాట. అదే 120 యూనిట్లు నెల మొదట్లోని మెట్ల మీద ఉండి ఉంటే వాటి ఖరీదు 394.50 మాత్రమే. సరుకు ఒకటే, వాడిన ఇల్లూ ఒకటే, వరుసలో అది నిలబడిన చోటును బట్టి ధర రెండున్నర రెట్లయింది.

వీటిపైన స్థిర చార్జీ, వినియోగదారు చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం చేరతాయి. ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చులో వచ్చిన తేడాకు గాను యూనిట్‌కు 40 పైసల వరకు సర్దుబాటు చార్జీగా నెలనెలా వసూలు చేసుకునే వీలు డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు ఉంది. ఎప్పుడో కొన్నేళ్ళ కిందట అంచనాకు మించి పెట్టిన ఖర్చును కూడా ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అనుమతితో తరువాతి సంవత్సరాల బిల్లులలో కలుపుతారు; జనం నోట ‘ట్రూ అప్’ అని నలిగినది ఇదే. ఆ రోజుల్లో వాడిన కరెంటుకు ఇప్పుడు డబ్బు కట్టడం ఎవరికైనా చేదుగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. టారిఫ్ నిర్ణయానికి ముందు మండలి ప్రతి సంవత్సరం ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఎవరైనా పంపవచ్చు. కానీ ఇంట్లో కూర్చుని మనం మార్చగలిగినది యూనిట్ల సంఖ్యనే కనుక ఈ ఉత్తరంలో దాని దగ్గరే ఉంటాను.

ఇక ఆ 120 యూనిట్లు ఎక్కడివి అన్న ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఒక సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అందులోని వేడి అంతా గిన్నెకు చేరదు, మన ఇళ్ళలోని పొయ్యిల మీద దాదాపు సగానికి కాస్త పైగా మాత్రమే చేరి మిగిలినది గాలిలో కలుస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీద నూటికి 85 వంతుల దాకా గిన్నెకే చేరుతుంది. ఈ రెండింటినీ సరిపోల్చి లెక్కవేస్తే, ఒక సిలిండరుతో అయ్యే వంటకు ఇండక్షన్ మీద రమారమి 120 యూనిట్లు పడతాయి. గతంలో మీకు నెలకు సిలిండరులో ఏడింట ఆరు వంతుల గ్యాస్ అయ్యేది, ఇప్పుడు పావు వంతే అవుతోంది. అంటే నెలకు సిలిండరులో అయిదింట మూడు వంతుల పని గ్యాస్ నుంచి కరెంటుకు మారింది. అది 72 యూనిట్లు. మిగిలిన 48 యూనిట్లు మీ అబ్బాయి గదివి. పాత ఫ్యాను ఒకటి 75 వాట్లు లాగుతుంది. రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు. దానికి రాత్రి చదువు దీపం, లాప్‌టాప్ చార్జింగ్ చేర్చుకోండి. లెక్క సరిపోయింది. చదువుకునే పిల్లవాడు ఇంట్లో ఉన్నందుకు అయ్యే ఖర్చును ఎవరూ తప్పు పట్టరు కనుక, మాట్లాడుకోవలసినది పొయ్యి గురించి.

మీ తోటికోడలు చెప్పినది అబద్ధం కాదు. ఆమె ఇంట్లో అది నిజమే అయి ఉండవచ్చు. ఇద్దరే ఉండే ఇంట్లో నెలకు నూటపాతిక లోపు యూనిట్లు అయితే, వంటకు వాడిన కరెంటు 4.50 మెట్టు మీదనో 6 రూపాయల మెట్టు మీదనో పడుతుంది. 6 రూపాయల చొప్పున చూసినా సిలిండరుకు సరిపడే 120 యూనిట్ల ఖరీదు 720 రూపాయలు. తొమ్మిది వందల సిలిండరు కంటే అది చవకే. మీ ఇంట్లో ఆ పొయ్యి యూనిట్లు 225 దాటిన తరువాతి మెట్టు మీద పడ్డాయి. అక్కడ అదే వంటకు 1,050 రూపాయలు, సర్దుబాటు చార్జీ కలిస్తే ఇంకొంచెం. తొమ్మిది వందలు మిగుల్చుకోవడానికి వెయ్యీ యాభై పెట్టారు. పెద్ద నష్టమేమీ కాదు, కానీ ఆదా అనుకుని చేసిన పని ఖర్చుగా తేలింది. ఒకరి ఇంట్లో పనికివచ్చిన చిట్కా మరొకరి ఇంట్లో ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఈ మధ్య దొరకలేదు.

కనుక వేసవి గడిచే దాకా అన్నం, పప్పు, కూర, రోజువారీ వంట మొత్తం గ్యాస్ మీదికి మార్చండి. ఇండక్షన్ పొయ్యిని అమ్మివేయవద్దు. చలికాలంలో ఫ్యాన్లు ఆగి యూనిట్లు 225కు బాగా దిగువన ఉన్న నెలల్లో దానికి మళ్ళీ పని చెప్పవచ్చు, అప్పుడు అది మీకు నిజంగానే లాభం. ఇంకొక మాట. మీ బియ్యం కార్డు సంగతి మీరు రాయలేదు. కార్డు ఉన్న కుటుంబాలకు దీపం-2 పథకం కింద సంవత్సరానికి మూడు సిలిండర్లు ఉచితం. ఈ పథకాన్ని 2024 నవంబరు 1న మొదలుపెట్టినది మన ప్రాంతంలోనే, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. సిలిండరుకు ముందు మీరే డబ్బు కట్టాలి, ఆ తరువాత అది బ్యాంకు ఖాతాలో తిరిగి జమ అవుతుంది. నాలుగు నెలలకు ఒకటి చొప్పున తీసుకోవాలి. 35 రోజులకు ఒకటి చొప్పున మీకు ఏడాదికి పది సిలిండర్లు కావాలి గదా, అందులో మూడింటి డబ్బు వెనక్కి వస్తే ఇండక్షన్‌తో పోటీయే లేదు. సిలిండరు నాలుగు నెలలైనా కదలకుండా ఉండటం వల్ల ఒక విడత ఉచిత సిలిండరును వదులుకున్నారేమో కూడా చూసుకోండి. డబ్బు జమ కాకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఆధార్, బ్యాంకు ఖాతా, గ్యాస్ కనెక్షన్ ఈ మూడూ ఒకదానితో ఒకటి అనుసంధానం కాకపోవడం. గ్యాస్ ఏజెన్సీలో ఈ-కేవైసీ చేయించుకుంటే అది తేలిపోతుంది.

గ్యాస్ పొదుపుగా వాడుకోవడం మీకు నేను నేర్పవలసిన విద్య కాదు. కుక్కర్ కూత వచ్చిన వెంటనే మంట తగ్గించడం, పప్పు ముందుగా నానబెట్టడం, మంట పసుపు రంగుకు తిరిగితే బర్నర్ విప్పి కడగడం మీకు తెలిసినవే. వేసవిలో మన ఇళ్ళల్లో రాత్రి కాచి పెట్టుకుని ఉదయం మజ్జిగతో తాగే చోడి (రాగి) అంబలికి ఒక పూట పొయ్యితోనే పనిలేదన్న సంగతి మాత్రం, మీ పిల్లలు దాన్ని ఇంకా తాగుతూ ఉంటే, గుర్తుచేస్తున్నాను.

ఇప్పుడు మీ అత్తగారి ఫ్యాను విషయం. దాన్ని ఆపవద్దు. ఉత్తరాంధ్ర మే నెల ఉక్కపోతలో 74 ఏళ్ళ మనిషికి గాలి ఆడకపోతే వచ్చే ప్రమాదం ముందు నెలకు 45 యూనిట్లు లెక్కలోకి రావు. ఆ వయసులో దాహం వేసినట్టు కూడా తెలియదు, చెమట సరిగా పట్టదు, ఒంట్లో వేడి పేరుకుపోతుంది; ఆసుపత్రికి ఒక్కసారి తీసుకువెళితే ఏడాది కరెంటు బిల్లు ఒక్కరోజులో అయిపోతుంది. పైగా ఆమె ఫ్యాను గత ఏడాది కూడా ఇలాగే తిరిగింది, అప్పుడు బిల్లు వెయ్యే వచ్చింది. పెరిగిన బిల్లుకు కారణం కాని మనిషి మాట పడుతున్నారన్నమాట. ఆ కష్టం మీకూ కలిగిందని మీరే రాశారు కనుక ఇంతకుమించి అనను.

చేయవలసినది ఆ ఫ్యానును ఆపడం కాదు, మార్చడం. ఈ మధ్య వస్తున్న బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు పూర్తి వేగంలో 30 వాట్ల దగ్గరే ఉంటాయి. రోజుకు 20 గంటలు తిరిగే 75 వాట్ల ఫ్యాను స్థానంలో దాన్ని బిగిస్తే నెలకు 27 యూనిట్లు తగ్గుతాయి. పై మెట్టు ధరలో అది 236 రూపాయలు. ఫ్యాను ధర మూడు వేలకు అటూ ఇటూ ఉంటుంది, తిరగని చలి నెలలను తీసివేసినా రెండేళ్ళ లోపు ఆ డబ్బు తిరిగి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్లకు నక్షత్రాల లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది కనుక అయిదు నక్షత్రాలది అడిగి తీసుకోండి. రెండు జాగ్రత్తలు చెబుతాను. బిగించే మనిషి గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైనులో నుంచి తీసివేయాలి, లేకపోతే ఫ్యాను మూలుగుతుంది, పాడవుతుంది కూడా. రెండోది, ఇవి రిమోట్‌తో నడిచేవి. పెద్దవారికి ఆ చిన్న బొత్తాములు కనపడవు, రిమోట్ మంచం కిందికి పోతే వెతుక్కోలేరు. గోడ స్విచ్‌ను ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే వేగం మారే రకం ఉంటుంది, ఆమె గదికి అదే కొనండి. నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి మార్చనక్కరలేదు. మొదట అత్తగారి గది, తరువాత అబ్బాయి గది. హాలులో రెండు మూడు గంటలు తిరిగే ఫ్యానును మార్చి లాభం లేదు.

ఈ రెండు ఫ్యాన్లు మారితే 54 యూనిట్లు, వంట గ్యాస్ మీదికి వెళితే 72 యూనిట్లు తగ్గి మీ 318 కాస్తా 192 అవుతుంది. అప్పుడు నెల చార్జీ 819 రూపాయలు.

రాత్రి ఫ్రిజ్ ఆపడం మానేయండి. లోపల చల్లదనం సరిపోయిన వెంటనే అది తనంతట తానే ఆగుతుంది. మీరు ఆపిన ఆరు గంటలలో లోపలికి చేరిన వేడిని తీసివేయడానికి తెల్లవారి ఎడతెగకుండా నడుస్తుంది, ఈ లోపల పాలు విరుగుతాయి. అది ఎన్నేళ్ళ నాటిదో మీరు రాయలేదు. పదిహేనేళ్ళ నాటిదైతే తలుపు అంచున ఉండే రబ్బరును చూడండి. ఒక కాగితాన్ని మధ్యలో పెట్టి తలుపు వేసి లాగినప్పుడు బిగువు లేకుండా ఊడి వస్తే ఆ రబ్బరు మార్పించాలి. వెనుక వైపు గోడకు జానెడు దూరం ఉండాలి. ఐసు వేలెడు మందాన పేరుకున్నా కరెంటు ఎక్కువే లాగుతుంది.

నీటి మోటారు గురించి మీరు ఏమీ రాయలేదు గాని, బోరు ఉన్న ప్రతి ఇంట్లోనూ దాన్ని చూడాలని నా అనుభవం. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తింటుంది. ఉద్యోగంలో పదిమందికి పొదుపు చెప్పిన నేనే ఒక వేసవిలో, మోటారు వేసి ఉండగా కరెంటు పోతే స్విచ్ ఆపడం మరచి పడుకున్నాను. అర్ధరాత్రి కరెంటు వచ్చింది. తెల్లవారి పక్కింటివారు పిలిచి చెప్పే దాకా ట్యాంకు పొంగి దొడ్డి అంతా మడుగు అయింది, మా ఇంటావిడ ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవారందరికీ చెబుతుంది. ఆ మరునాడే ట్యాంకు నిండగానే ఆగే ఆటోమేటిక్ స్విచ్ పెట్టించాను. నిండా నింపిన ట్యాంకు, కుళాయిలు విప్పకుండానే, పొద్దుటికి తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని గ్రహించాలి.

మీటరు తప్పు తిరుగుతోందన్న మీ వారి అనుమానాన్ని తీసిపారేయను. పైన చెప్పిన లెక్క సరిపోయింది కనుక మీ మీటరులో దోషం లేదనే అనుకుంటున్నాను, అయినా ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉంది. ముందుగా ఇన్వర్టర్, ఫ్రిజ్, టీవీ పెట్టెతో సహా అన్నిటి స్విచ్‌లూ ఆపి, మీటరు మీద మిణుకుమనే ఎర్ర దీపాన్ని అయిదు నిమిషాలు చూడండి. అప్పుడు కూడా అది మిణుకుతూ ఉంటే వైరింగ్‌లో ఎక్కడో కరెంటు లీకవుతోంది, లేదా మీ లైను నుంచి ఇంకెవరికో పోతోంది, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. మిణుకు ఆగితే రెండో పరీక్ష. మీటరు ముఖం మీద ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద అది 3200. నీళ్ళు కాచే 1,500 వాట్ల రాడ్డును నిండు బకెట్టులో ముంచిన తరువాత స్విచ్ వేసి, మరేదీ వేయకుండా, గడియారం చూస్తూ ఒక నిమిషంలో వచ్చిన మిణుకులను అబ్బాయి చేత లెక్కపెట్టించండి. 80 దగ్గరగా రావాలి. వోల్టేజీ తక్కువగా ఉన్న వేళ ఇంకా తక్కువ వస్తాయి, అది దోషం కాదు. వందకు పైన వస్తే అనుమానించవలసిందే. (స్విచ్ ఆపకుండా ఆ నీటిలో చెయ్యి పెట్టవద్దని ఎవరికైనా చెప్పాలా అనిపిస్తుంది గాని, చెప్పకపోవడం వల్ల జరిగిన ప్రమాదాలు విన్నవాణ్ణి.)

దోషం తేలితే 1912 నంబరుకు ఫిర్యాదు చేసి, మీ సెక్షన్ కార్యాలయంలో మీటరు పరీక్షకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే తూర్పు డిస్కం పరిధిలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. న్యాయవాది అవసరం లేదు. బిల్లు మీద గత రీడింగు తేదీ, ఈ నెల రీడింగు తేదీ రెండూ ఉంటాయి, వాటి మధ్య ఎన్ని రోజులు ఉన్నాయో ప్రతి నెలా చూసుకోవడం మంచి అలవాటు. మీ రెండు బిల్లులలోనూ 30 రోజులే ఉన్నాయి.

ఇంతకంటే నమ్మకమైన పని ఒకటి చెబుతాను. మీటరు పక్కన ఒక నోటుపుస్తకం వేలాడదీసి, రోజూ ఉదయం ఏడు గంటలకు రీడింగు రాయించండి. మెట్టు మారే 225 యూనిట్లను 30 రోజులకు పంచితే రోజుకు ఏడున్నర వస్తుంది. మీ ఇంటికి గుర్తుపెట్టుకోవలసిన సంఖ్య అదొక్కటే. ఏడున్నర లోపు ఉన్న రోజు ఎవరినీ ఏమీ అనవద్దు. పది దాటిన రోజు ఆ ముందురోజు ఇంట్లో ఏం జరిగిందో అందరూ గుర్తుచేసుకోండి: ఇస్త్రీ చేశారా, మోటారు రెండుసార్లు వేశారా, చుట్టాలు వచ్చారా. వారం రోజులు రాసేసరికి ఏ వస్తువు ఎంత తింటోందో నాకంటే మీకే బాగా తెలుస్తుంది, బిల్లు చేతికి వచ్చాక ఒకరినొకరు అనుమానంగా చూసుకోవలసిన అవసరం ఉండదు. మీ వారు పనిచేసే ఫెర్రో అల్లాయ్ కొలిమిలో కరెంటు లెక్క గంటగంటకూ రాస్తారు, అక్కడ అది ముడిసరుకుతో సమానం. ఇంట్లో రోజుకు ఒక్కసారి రాయడం ఆయనకు వింతగా ఏమీ తోచదు.

సోలార్ విషయంలో తొందరపడవద్దని నా మాట, వద్దని కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయలు కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. ఒక కిలోవాట్ పలకలకు నీడపడని వంద చదరపు అడుగుల డాబా కావాలి, నెలకు సుమారు 110 నుంచి 120 యూనిట్లు వస్తాయి. మెట్ల ధరల సంగతి ఇక్కడ మళ్ళీ గుర్తుచేసుకోండి. సోలార్ తగ్గించేది పై మెట్టు మీది యూనిట్లనే, కనుక మొదటి కిలోవాట్ మిగిల్చినంత రెండోది మిగల్చదు, రెండోది మిగిల్చినంత మూడోది మిగల్చదు. మీరు ముందే 192కు దిగితే ఒక కిలోవాట్ మిమ్మల్ని 80 దగ్గరకు తెస్తుంది. అమ్మకందారు ఎవరైనా మూడు కిలోవాట్లు పెట్టించుకోమని ఒత్తిడి చేస్తే, ఆ మూడో కిలోవాట్ ఎన్ని రూపాయల యూనిట్లను తగ్గిస్తుందో కాగితం మీద వేసి చూపించమనండి. ముందు ఫ్యాన్లు, పొయ్యి. ఒక ఏడాది నోటుపుస్తకం చూసుకున్నాక సోలార్. ఇదే నా వరుస.

తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు సోలార్ ఆదుకుంటుందన్న ఆశతో పెట్టించుకునేవారు మన వైపు ఎక్కువ. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ప్రాంతం కనుక ఆ ఆశ సహజమే. అయితే బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే సోలార్, లైనులో కరెంటు లేనప్పుడు తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి మీ ఇంటి కరెంటు తగలకుండా అలా అమర్చారు. ఎండ కాస్తున్నా మీ ఫ్యాను తిరగదు. ఇక పలకలను నిలబెట్టే ఇనుప చట్రం, డాబాకు దాన్ని బిగించే బోల్టులు మన గాలులకు తగినంత గట్టివా అన్నది ధర కంటే ముందు అడగవలసిన ప్రశ్న. ఈలోగా అదే డాబా మీద ఏటా మార్చి నెలలో రెండు పూతలు తెల్ల సున్నం వేయించండి. కిందనున్న గదుల వేడి తగ్గడం మీకే తెలుస్తుంది, ఖర్చు కూడా తక్కువే.

చివరగా, మీరు బ్రాకెట్లలో రాసిన మాట. సోలార్‌కు దరఖాస్తు చేయాలన్నా, నెట్ మీటరు (లైను నుంచి తీసుకున్న కరెంటును, లైనుకు ఇచ్చిన సోలార్ కరెంటును రెండింటినీ లెక్కించేది) కావాలన్నా, సబ్సిడీ ఖాతాలో పడాలన్నా సర్వీసు బతికి ఉన్న మనిషి పేరున ఉండాలి. సోలార్ పెట్టినా పెట్టకపోయినా ఆ మార్పు ఈ నెలలోనే మొదలుపెట్టండి. మామగారి మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, ఆధార్ కాగితాలతో సెక్షన్ కార్యాలయానికి వెళితే దరఖాస్తు ఎలా ఇవ్వాలో చెబుతారు. మిగిలిన వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం కూడా అడుగుతారు. విశాఖలో మీ మరిది సంతకం, అందరికంటే ముందు మీ అత్తగారి సంతకం దాని మీద కావాలి.